మా గోడకు పొట్ట లేదు

అల్లుడికి,

నువ్వొచ్చి వెళ్లాక ఇల్లు ఇల్లులా లేదు. అయినా దీవెనలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ఫోన్‌లో మాట్లాడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే ముందు మీ అత్తయ్యకు, ఆ తర్వాత వీధి మొత్తానికి తెలుస్తుంది. ఇది ఆవిడ చెవిన పడకూడని వ్యవహారం. అందుకే కాగితం.

ముందు మీ అత్తయ్య చెయ్యి సంగతి. మెట్ల మీద జారినప్పుడు విరిగిన భుజం అతికింది, కట్టూ విప్పేశారు. కానీ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. రోజూ గోడ మీద వేళ్లు పాకించుకుంటూ చెయ్యి పైకి తీసుకెళ్లమని వ్యాయామాల డాక్టరమ్మ చెప్పింది. వానలు మొదలయ్యేలోగా లేపకపోతే భుజం అలాగే బిగుసుకుపోతుందట. అప్పుడిక కత్తెర, మిషన్ మూలన పెట్టుకోవడమేనట. ఈ చుట్టుపక్కల సగం మంది ఒంటి మీది బట్టలు మీ అత్తయ్య కుట్టినవే. అలాంటి మనిషి మిషన్ మీద గుడ్డ కప్పేసి కూర్చుంది. గోడ దగ్గరికి రమ్మంటే నొప్పి అంటుంది. నేను పక్కనే నిలబడి "ఇంకా పైకి, ఇంకా పైకి" అని చెబుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం అంటారు గానీ, మా ఇంట్లో చెవిటివాడే శంఖం ఊదుతున్నాడు.

నువ్వు మ్యూజియాల్లో బిగించే పెట్టె తెచ్చి మా ముందుగది కప్పుకు వేలాడదీస్తానంటే అందుకే సరేనన్నాను. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. నువ్వు మీట నొక్కగానే నేను కట్టి, నేను సున్నం కొట్టిన గోడ మీద బుడగలు లేచాయి. నీ వేలు తగలగానే ఒకటి పగిలింది. తెర లేదు, అద్దం లేదు, గోడలోకి ఒక్క తీగ లేదు. నిమిరి చూశాను. నా సిమెంటే. ఎప్పటిలాగే చల్లగా ఉంది. జీవితమంతా గోడలు కట్టాను, ఒక్కటీ నాకు బదులు చెప్పలేదు. ఆ పూట నాకు నోట మాట రాలేదు. మీ అత్తయ్య తేదీ రాసి పెట్టుకోమంది.

కానీ బయల్దేరే ముందు నీ కంప్యూటర్‌లోకి చూసి ఒక మాటన్నావు. "గోడ మధ్యలో కొంచెం పొట్ట ఉంది మామయ్యా" అని. నేను కట్టిన గోడకు పొట్టా? రసమట్టం పెట్టి చూశాను, గుండు దారం వేలాడదీసి చూశాను. ఆ ఫలితం ఇక్కడ అప్రస్తుతం. నిన్నగాక మొన్న కప్పెక్కిన పెట్టె నా పనికి వంక పెట్టడమేమిటన్నదే నా ప్రశ్న.

పొట్టలేని గోడ కట్టిన
నీ మామయ్య

తా.క.: మీ అత్తయ్య బుడగల వైపు వీపు పెట్టి కూర్చుంటోంది. "బుడగలు పగలగొట్టే వయసా నాది?" అంటోంది. పనిచేస్తోందో లేదోనని నిన్న ఒకటి నేనే పగలగొట్టాను. తల తిప్పి చూసేసరికి నా కాఫీ మీద తరక కట్టి ఉంది.

◆

మామయ్యకు,

గోడను నేను పల్లెత్తు మాట అనలేదని మనవి చేసుకుంటూ, నమస్కారాలు.

పొట్ట అన్నది తిట్టు కాదు మామయ్యా. చేత్తో పూసిన ఏ గోడైనా అగ్గిపుల్ల మందమైనా అటూఇటూ ఉంటుంది. పెట్టెలో ఉన్నవి రెండే. బొమ్మను గోడ మీద వేసే ప్రొజెక్టర్ ఒకటి, కెమెరా ఒకటి. ఆ కెమెరా మనలా చూడదు, దూరాలు కొలుస్తుంది. మొదట ఖాళీ గోడను చూసి, ఏ చోట గోడ తనకెంత దూరంలో ఉందో బట్టీ పడుతుంది. ఆ తర్వాత గోడకు వేలి మందం దగ్గరగా ఏది వచ్చినా "ఎవరో ముట్టుకున్నారు" అనుకుంటుంది. దాని తెలివంతా అంతే. పొట్ట ఉంటే పొట్టనూ బట్టీ పడుతుంది, వంక పెట్టదు.

కాబట్టి దయచేసి గోడను ముట్టుకోకండి. అంటే వేళ్లతో ఎంతైనా ముట్టుకోండి. తాపీతో మాత్రం వద్దు.

గోడ మీద ఎక్కడెక్కడ వేలు పడిందో ఆ పెట్టె రోజూ మా ఆఫీసుకు చుక్కలుగా పంపుతుంది. ఇప్పటిదాకా వచ్చిన చుక్కలన్నీ మీ ఎత్తులోనే ఉన్నాయి. అత్తయ్యవి ఒక్కటీ లేవు.

చిన్నప్పుడు సెలవులకొస్తే, కరెంటు పోయినప్పుడు ఆ గోడ మీదే అత్తయ్య చేతులతో నీడలు చూపించేది. కుక్క, కుందేలు, కొంగ. కొంగ మెడ సాచాలంటే చెయ్యి బాగా పైకెత్తాలి. గోడ మీద వెలుగు పడితే ఏదైనా బతుకుతుందని నాకు తెలిసింది అక్కడే. ఇప్పుడు నేను తింటున్న తిండి ఆ కొంగ పెట్టిందే. దాన్ని ఇంకోసారి చూడాలి మామయ్యా. ఈ సంగతి మాత్రం అత్తయ్యకు చెప్పకండి. బరువు మోపినట్టు ఉంటుంది.

గోడకు సదా విధేయుడు,
మీ అల్లుడు

తా.క.: కెమెరా ఉన్న గదిలో చీర మార్చుకోవచ్చా అని అత్తయ్య అడిగింది. దానికి మనుషులు మిట్టపల్లాలుగా తప్ప కనపడరని చెప్పాను. "అయితే మీ మామయ్యలాంటిదే" అంది.

◆

అల్లుడికి,

నీ ఉత్తరం చేరేసరికే సిమెంటు ఆరిపోయింది. అక్షింతలు ఆలస్యంగా అందితే తప్పు పోస్టాఫీసుది. దీవెనలు మాత్రం వేళకే.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పాత తాపీ తీసి, గోడ మధ్యలో, నువ్వు పొట్ట అన్న చోటి పక్కనే పల్లంగా ఉన్నచోట పలచగా పూత వేశాను. పల్లం పైకొచ్చాక పొట్ట ఎక్కడుంటుంది? బద్ద పెట్టి చూస్తే వెంట్రుక కూడా దూరలేదు. తృప్తిగా చేతులు కడుక్కుని మీట నొక్కాను.

గోడకు పిచ్చెక్కింది. నేను పూసిన పట్టీ దగ్గరికి రాగానే బుడగలన్నీ వాటంతటవే పగిలిపోతున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. పటపటపట. పేలాలు వేగుతున్నట్టు. నేను ఆపమని గోడను గదమాయించాను. వెనక ఏదో కదిలినట్టనిపిస్తే తిరిగి చూశాను. మీ అత్తయ్య నవ్వుతోంది. మెట్ల మీద పడ్డాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. బుడగల వైపు మొహం పెట్టి, ఎడమచేత్తో పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. అందుకని గోడను కాసేపు అలాగే పిచ్చిగా ఉండనిచ్చాను.

అంతలో పక్కింటి నర్సమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మగారు గోడకు అతుక్కుపోయారట కదా, మీ మేనల్లుడు ఫోన్ చేశాడు!" అని. ఇదేం చోద్యం?

నునుపైన గోడతో,
నీ మామయ్య

తా.క.: నర్సమ్మ పోతూ పోతూ బుడగలు పగలగొట్టింది. ఆవిడ డ్యూటీకి ఆలస్యమైతే నాకు సంబంధం లేదు.

◆

మామయ్యకు,

నమస్కారాలు. ఈసారి రెండు చేతులూ తల మీద పెట్టుకుని.

ఆఫీసులో చుక్కలు చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది. గోడ మధ్యలో ఒకేచోట పొద్దుటి నుంచి ఎవరో చెయ్యి తీయకుండా ముట్టుకుంటున్నట్టు వచ్చింది. అత్తయ్య తూలి గోడకు చేరగిలబడి కదల్లేకపోతోందేమో అనుకున్నాను. మీకు ఫోన్ చేస్తే వినపడదు. అందుకే నర్సమ్మ.

మీరు పూత వేశారు. గోడ ముందుకొచ్చింది. కెమెరా పాత గోడనే బట్టీ పట్టి ఉంది. కొత్త సిమెంటును వేలనుకుంది. పాపం, దాని తప్పేమీ లేదు.

ఇప్పుడు దానికి గోడను మళ్లీ నేర్పాలి. పెట్టెతో ఇచ్చిన రిమోట్ మీద పచ్చ బొత్తం నొక్కి పట్టుకోండి. గంట మోగేదాకా గోడ ముందు ఎవరూ ఉండకూడదు. మళ్లీ చెబుతున్నాను, ఎవరూ.

బుడగలు తీసేశాను. అవి అత్తయ్యకు చిన్నతనంగా అనిపించాయి, తప్పు నాదే. ఇక నుంచి గోడ మీద వేలు ఎక్కడ పడితే అక్కడ నీలం రంగు, వేలికంటే వెడల్పైనది పడితే ఎర్రరంగు అంటుకుంటుంది. ఎర్ర బొత్తం నొక్కితే అంతా చెరిగిపోతుంది. ఆటా లేదు, గెలుపూ లేదు. ఊరికే రంగు.

మీ అల్లుడు

తా.క.: తాపీని కొన్నాళ్లు నర్సమ్మ దగ్గర ఉంచగలరా?

◆

అల్లుడికి,

చెప్పినట్టే చేశాను. మేస్త్రీకి మాట ఒకటే, మట్టం ఒకటే. దీవెనలు.

పచ్చ బొత్తం నొక్కే పని మీ అత్తయ్యకు అప్పగించాను. ఎడమచెయ్యి చాలు కదా. "గోడ ముందు ఎవరూ ఉండొద్దని రాశాడుగా, మీరెందుకక్కడ?" అని ఆవిడ అడిగింది. ఎవరూ అంటే పరాయివాళ్లని అర్థం. గోడ కట్టినవాడు గోడకు ఎవరో ఎలా అవుతాడు? పైగా కెమెరా నిలువు సరిగ్గా నేర్చుకోవాలంటే నిలువేదో చూపించేవాడుండాలి. అందుకని తలగుడ్డ చుట్టుకుని, గోడను ఆనుకుని నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి గుండు దారం పట్టుకున్నాను. గంట మోగేదాకా కన్ను కూడా ఆర్పలేదు. పిచ్చి కుదిరింది.

రంగులు మాత్రం, అబ్బా! గోడను వేలితో రాస్తే వేలి వెంట నీలం పారింది. నేను వేల గోడలకు రంగులు కొట్టి ఉంటాను. ఎండాల్సిన పని లేని రంగు ఇదొక్కటే. చేతికి అంటలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, వాసన లేదు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

రెండు చిక్కులున్నాయి. ఒకటి, గోడ నడిమధ్య రంగు పట్టడం లేదు. ఇది నాకు తెలిసిన జబ్బే. పూత పైన ఆరినా లోపల పచ్చిగా ఉంటే ఏ రంగూ పట్టదు. పూర్తిగా ఆరితే అదే పడుతుంది.

రెండోది బల్లి. మధ్యాహ్నం నేను సిమెంటు కొట్టు దగ్గర పాత స్నేహితులతో టీ తాగి వస్తాను కదా. వచ్చేసరికి ఒక్కోరోజు గోడ మీద చెరపగా మిగిలినట్టు నీలం మరకలుంటున్నాయి. అదీ నా తలకంటే పైన. మీ అత్తయ్య చెయ్యి భుజం దాటదు. ఆవిడే చెప్పింది, "బల్లే ఉంటుంది" అని. నేను చీపురు తీసుకుని గోడ మీద పడ్డాను. బల్లి దొరకలేదు గానీ చీపురు తగిలిన చోటల్లా ఎర్రరంగు పూసింది. ఇల్లు హత్య జరిగిన చోటులా తయారైంది. నర్సమ్మ మళ్లీ వచ్చింది.

బల్లికి మందేమన్నా ఉంటే పంపు.

నీ మామయ్య

తా.క.: మీ అత్తయ్య చేత గోడ ముట్టించడం నా వల్ల కాదు. వానలు దగ్గర పడుతున్నాయి. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పను: రాత్రి మిషన్ మీది గుడ్డ దులిపి మళ్లీ కప్పాను. ఏం తోచక.

◆

మామయ్యకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

బల్లి మాట మొదట నేనూ నమ్మాను. కెమెరాకు బల్లి అయినా, వేలైనా ఒకటే. మా పనిలో ఇది మామూలే. మ్యూజియంలో ఓసారి బొద్దింక తాకి గోడంత ఏనుగు ఘీంకరించింది.

గోడ మధ్య రంగు ఎందుకు పట్టదో చూద్దామని కెమెరా బట్టీ పట్టిన పటం తెరిచాను. మామయ్యా, గోడ మధ్యలో మీరున్నారు. తలగుడ్డతో, ఎత్తిన పిడికిలితో, వేలాడే దారంతో సహా. అది మిమ్మల్ని కూడా గోడే అనుకుని నేర్చుకుంది. మీరు తప్పుకున్నాక అక్కడ గోడ దానికి బాగా వెనక్కి పోయినట్టుంది. అందుకే ఆ చోట ఎవరు ముట్టుకున్నా దానికి తెలియదు. పచ్చి సిమెంటు కాదు, మీరు.

ఇది చూసి మొదట పడీపడీ నవ్వాను. ఆ తర్వాత, రెండు వారాల చుక్కల్లో మీరు టీకి వెళ్లే వేళవన్నీ తెచ్చి ఆ పటం మీద పరిచాను. నవ్వు ఆగిపోయింది.

చుక్కలు మీ చుట్టూ ఉన్నాయి. ఎక్కడా మీ మీద పడలేదు. నడుము దగ్గర మొదలై, మీ అంచు పట్టుకుని పైకి నడిచాయి. మొదటిరోజు మోచేయి దాటలేదు. మర్నాడు ఇంకాస్త. ఒకరోజు వెనక్కి తగ్గి, ఆ తర్వాతి రోజు మళ్లీ అక్కడికే. చంక, భుజం, మెడ, తలగుడ్డ అంచు. పక్క బల్లలవాళ్లను పిలిచి చూపించాను. ఇదే పని చేసి బతికేవాళ్లం, రోజూ గోడల మీద జలపాతాలు, నక్షత్రాలు చూపించేవాళ్లం. ఒక్కరూ తమ బల్ల దగ్గరికి తిరిగి వెళ్లలేదు. మా పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

బల్లి ఇంత శ్రద్ధగా మనిషి చుట్టూ తిరగదు. నాకొక అనుమానం ఉంది. రాయను. రాస్తే దిష్టి తగులుతుందేమోనని భయంగా ఉంది.

చుక్కలు ఇప్పుడు తలగుడ్డ పైన ఆగిపోయాయి. మీ ఎత్తిన పిడికిలి ఒక్కటే మిగిలింది. కొన్నాళ్లుగా దాని కిందే తచ్చాడుతున్నాయి, అందడం లేదు. మీరు రేపు టీకి వెళ్లినట్టే వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి కిటికీలోంచి చూడండి. చప్పుడు చేయకండి. ఏం చూశారో వెంటనే రాయండి.

మీ అల్లుడు

తా.క.: చీపురు కూడా నర్సమ్మకే ఇచ్చేయండి.

◆

ఒరేయ్ కన్నా,

ఈ అక్షరాలు చూసి కోడి కెలికిందనుకోకు. నా కుడిచెయ్యే. చల్లగా ఉండు.

మీ మామయ్య రాస్తారని ఎదురుచూస్తుంటావు. ఆయన రాసే స్థితిలో లేరు. కుర్చీ గోడకెదురుగా వేసుకుని కూర్చున్నారు.

ముందు నీకొక సంగతి చెప్పాలి. మీ మామయ్య ఉత్తరం మనసులో చదవలేరు. పైకే చదువుతారు. రాసేటప్పుడూ అంతే, ఒక్కో మాటా పలికి మరీ రాస్తారు. చెవులు వినపడవు కాబట్టి అది గొణుగుడే అని ఆయన నమ్మకం. నాకు తెలియకూడదని మీరిద్దరూ రాసుకున్నవన్నీ వంటింట్లో నేను, పక్కింట్లో నర్సమ్మ మొదటి నుంచీ వింటూనే ఉన్నాం. నువ్వు ఉత్తరం ఆలస్యం చేస్తే నర్సమ్మే "ఇంకా రాలేదా?" అని అడిగేది. కొంగ సంగతీ విన్నాను. ఆ పూట కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను.

నొప్పి నిజమేరా. చెయ్యి ఎత్తితే ప్రాణం పోయేది. ఏడుపొచ్చేది. ఆయన పక్కన నిలబడి "ఇంకా పైకి" అని పని దగ్గర కూలీలను కేకేసినట్టు కేకేసేవారు. అది ప్రేమేనని తెలుసు, కానీ ప్రేమ అంత గట్టిగా ఉంటే ఏడవడానికి వీలుండదు.

రంగులు వచ్చిన మర్నాడు, ఆయన టీకి వెళ్లాక ఊరికే వేలు పెట్టాను. ఏమీ అంటలేదు. కొంచెం పక్కకు జరిపాను. నీలం వచ్చింది. ఇక్కడ అంటదు, అక్కడ అంటుతుంది. రెంటి మధ్య అంచు పట్టుకుని పోతే వంపు తిరిగింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన చొక్కాలు కుడుతున్నదాన్ని. ఆ నడుము వంపు నాకు తెలియదా? ఎవరో తెలిశాక మధ్యలో ఎలా వదిలేస్తాను? రోజూ వెళ్లేదాన్ని. గోడ కేకలేయదు. నువ్వు ఎంతవరకు ముట్టుకుంటే అంతవరకే రంగిచ్చి ఊరుకుంటుంది. ఏడ్చినా ఊరుకుంటుంది. ఆయన అడుగుల చప్పుడు వినగానే ఎర్ర బొత్తం నొక్కేదాన్ని. ఒక్కోసారి తొందరలో సరిగ్గా నొక్కేదాన్ని కాదు. ఆ బల్లి అదే. నిజం బల్లి పాపం భయపడి మేడ మీదికి మకాం మార్చింది.

నీ చివరి ఉత్తరం ఆయన చదవగానే తెలిసిపోయింది, రేపు కిటికీ దగ్గరికి వస్తారని. వచ్చారు. నాకు తెలియనట్టే గోడ దగ్గరికి వెళ్లాను. అంచు పట్టుకుని తలగుడ్డ దాకా పోయాను. అక్కడ ఆగింది, రోజూలాగే. కిటికీ అవతల నుంచి ఆయన గొణిగారు, "దేవుడా, నొప్పెట్టకుండా చూడు" అని. ఆయన గొణుగుడు కదా, ఎదురింటివాళ్లు తలుపు తీశారు.

ఇన్నాళ్లలో "ఇంకా పైకి" అనని మాట అదొక్కటే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత చెయ్యి ఎంత లేచిందో నేను చూసుకోలేదురా, ఆయన పిడికిలి వైపే చూస్తున్నాను. వేలు దాని చుట్టూ తిరిగొచ్చింది. నీలం కలిసిపోయింది. వెనక్కి జరిగి చూస్తే చుట్టూ నీలం, మధ్యలో తెల్లగా మీ మామయ్య. ఆయన లోపలికొచ్చి పక్కన నిలబడ్డారు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది. దించాలని ఇద్దరికీ తోచలేదు.

వానలు నిన్న మొదలయ్యాయి. మిషన్ మీది గుడ్డ తీసేశాను. నువ్వొచ్చినప్పుడు దీపం ఒక్కటే ఉంచి కరెంటు తీసేద్దాం. కొంగ సిద్ధంగా ఉంది.

నీ అత్తయ్య

తా.క.: గోడ మీది మీ మామయ్య చుట్టూ కాగితం పెట్టి గీసి, ఆ కొలతతో చొక్కా కత్తిరించి కుట్టాను. కెమెరా కాస్త పెద్దగా చూసినట్టుంది, భుజాలు వదులు, చేతులు వదులు. ఒక్క పొట్ట దగ్గర మాత్రం అచ్చంగా సరిపోయింది. తొడుక్కుని అద్దంలో చూసుకుని, ఇప్పుడు నా పక్కనే నిలబడి అరుస్తున్నారు: "పొట్ట నాది! గోడకు లేదు! రాయి!" అని. రాశాను.